రెట్టింపు చేసేవాడు

"చేతులకి అంత తొందరేంటి బావా?" అన్నాడు బావమరిది.

ఫ్యాక్టరీలో కదిలే లైను మీద కార్లకు తలుపులు బిగిస్తున్న బావ తలెత్తలేదు. పోటీ కంపెనీ చొక్కా తొడుక్కుని సొంత బావమరిదే తన పని చూడటానికి వచ్చి పక్కన నిలబడ్డాడు. రెండు కంపెనీలూ కలిసిపోతున్నాయట. తలుపులు బిగించే పనిలో వీళ్లిద్దరిలో ఒకరే మిగులుతారని మేస్త్రీ పొద్దున్నే చెవిన వేశాడు.

"మీ డబ్బా బండ్లకి తలుపులెందుకురా, తాడు కట్టుకోక," అన్నాడు బావ. ఎప్పుడూ చేసే ఎగతాళే అది.

బావమరిది నవ్వలేదు. "నీ వేగం చూసి నేర్చుకు రమ్మన్నారు. మీవాళ్లు రెట్టింపు పని చేస్తారని చెప్పి మమ్మల్ని పరుగులు పెట్టిస్తున్నారు. నీళ్లు తాగే తీరిక కూడా లేదు బావా."

"రెట్టింపా? మేమా? మీరు చేస్తారనే కదరా ఇక్కడ మా ప్రాణాలు తోడేస్తున్నారు."

బావమరిది బావ చేతుల వంక చూశాడు. "నువ్వూ నా అంతే చేస్తున్నావు," అన్నాడు మెల్లగా.

"మరి ఆ రెట్టింపు చేసేవాడు ఎవడురా?"

బావమరిది పైనున్న అద్దాల గది వైపు చూశాడు. రెండు కంపెనీల అధికారులూ పక్కపక్కనే నిలబడి వీళ్లనే చూస్తున్నారు.

"మనిద్దరిలో మిగిలేవాడు, బావా."

లైను మీద కారు తలుపు లేకుండానే ముందుకు జరిగిపోయింది. ఆ తలుపు ఇంకా బావ చేతుల్లోనే ఉంది.