ఇరవయ్యో ముక్క

మేడగదిలోంచి గుయ్యిమనే రొద ఆగకుండా వస్తుంటే ఇంటావిడ మెట్లెక్కి తలుపు తట్టింది.

నెల క్రితం అద్దెకు దిగిన మనిషి తలుపు తీశాడు. అతని వెనక, బల్ల మీద నాలుగు నల్ల డబ్బాలు.

"గదిలో ఏం పెట్టావయ్యా, పిండిమరా?"

"కంప్యూటర్లమ్మా. ఇలాంటివి పెట్టుకున్నవాళ్లం ముప్ఫైమందిమి ఉన్నాం. జనం దాచమన్న కాగితాల్ని ముక్కలు చేసి తలా ఒకటి ఉంచుకుంటాం. ఒకరి ఇల్లు తగలబడినా కాగితం దక్కుతుంది."

"ఎవరి కాగితాలు?"

"అది చెప్పకూడదమ్మా."

ఆవిడ కిందికొచ్చి తమ్ముడికి చెప్పింది.

ఆవిడ భర్త రంగుల ఫ్యాక్టరీలో చేసి చేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. అలా భర్తల్ని పోగొట్టుకున్న నలభైమందితో కలిసి ఆరేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతోంది.

"దొంగ సరుకు అయ్యుంటుందక్కా," అన్నాడు తమ్ముడు. "పోలీసులు నీ ఇంటికొస్తే చాలు, ఫ్యాక్టరీవాళ్లు నీ కేసుకే ఎసరు పెడతారు."

"రేపటికల్లా ఖాళీ చెయ్యి," అంది ఆవిడ మర్నాడు.

"రెండ్రోజులు ఓపిక పట్టండమ్మా. మాలో చాలామంది భయపడి మానేశారు. నా దగ్గరున్నది ఇంకొకరికి పంపించాలి. ఈలోగా వీటిని కదపకూడదు."

"అవన్నీ నాకెందుకు?"

తెల్లారి అతను గది వెతుక్కోడానికి వెళ్లాడు. అక్కాతమ్ముళ్లు కరెంటు మెయిన్ ఆపేసి, డబ్బాలు తెచ్చి పెరట్లో పడేశారు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసింది. చూసి, కిటికీ మూసేసింది.

సాయంత్రం అతనొచ్చి ఒక డబ్బా వంచాడు. నీళ్లు ధారగా కారాయి.

"ఎండలో పెడితే ఆరవా?" అంది, మనసు కాస్త చివుక్కుమని.

"ఆరవమ్మా."

డబ్బాలు గోనెసంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

రెండు నెలలకి కోర్టు వరండాలోకి లాయరు తల దించుకుని వచ్చాడు.

"కేసు కొట్టేశారమ్మా. కాగితం లేని మాట చెల్లదన్నారు."

"ఆ ఫ్యాక్టరీ గాలి పరీక్షల రిపోర్టులు భద్రంగా ఉన్నాయన్నారుగా?"

"నా ఆఫీసు తగలబెట్టినప్పుడు అసలువి కాలిపోయాయి. నకళ్లు ముందే ముప్ఫై ముక్కలు చేయించి, ముప్ఫైమంది కంప్యూటర్లలో దాయించాను. ఏ ఇరవై దొరికినా మొత్తం వచ్చేస్తుంది. పదిమందిని బెదిరించి మాన్పించారు. మిగిలిన ఇరవైమందిలో ఒకరి కంప్యూటర్లు వానకి తడిసి పాడయ్యాయి."



"వానలో... ఎలా తడిశాయి?"

"ఇంటావిడ బయట పడేసిందట. ఎవరావిడని అతన్ని ఎంత అడిగినా చెప్పలేదు. తెలిస్తే ఆవిడ తట్టుకోలేదులెండి అన్నాడు."



"ఎవరండీ అతను?"

లాయరు ఫైలు చంకలో పెట్టుకున్నాడు.

"మీవాళ్లు పీల్చిన గాలిలో ఏముందో ఆ ఫ్యాక్టరీ ల్యాబులో కూర్చుని నిజం రాసి, ఉద్యోగం పోతుందని తెలిసే ఆ రిపోర్టులు తెచ్చి నా చేతిలో పెట్టినవాడమ్మా."