మూలన ఉన్న సాలీడు

చక్రవర్తి కార్డు తిప్పితే నాన్న బయటపడ్డాడు.

సింహాసనం మీద కాదు. ఇంట్లో ఒక కాలు పొట్టిగా ఉండే ఆ పాత కుర్చీలోనే. దాని కాలి కింద మడిచిపెట్టిన అట్టముక్కతో సహా.

“అత్త కిరీటం పెట్టింది గానీ కుర్చీ మార్చలేదు చూడు!” అంది అక్క, ఇస్త్రీ ఆపకుండా.

చెల్లెలు నవ్వలేదు. ఇస్త్రీ బల్లకి ఈ చివర కార్డులు పరుచుకుని కూర్చుంది. పక్కనే కొత్తగా కొన్న టారో పుస్తకం, బొమ్మల కార్డులతో జోస్యం చెప్పడం నేర్పేది. ఇంకా సగం కూడా చదవలేదు.

కార్డులు మాత్రం కొన్నవి కావు. అత్త తన చేత్తో చేసినవి. మొదట కార్డుల వెనకవైపులన్నీ ఒకే చెక్క అచ్చుతో అద్దేసింది. బొమ్మలు ఆ తర్వాత తీరిగ్గా, ఏళ్ల తరబడి వేసింది.

లోకంలో అలాంటి కట్ట ఇదొక్కటే.

అత్త పోయి ఏడాది కావస్తోంది. చుట్టాలందరికీ ఇంటికొక కట్ట ఉంటుందని ఇప్పుడు ప్రెస్సులో మళ్లీ వేయిస్తున్నారు. ప్రెస్సాయన ఫొటోలు తీసుకుని అసలు కట్ట తిరిగిచ్చేశాడు.

ఇంకో కార్డు. సన్యాసి.

కొండ మీద లాంతరు పట్టుకుని తాతయ్య. కళ్లజోడు నెత్తి మీదే ఉంది. ఆయన వెతుకుతున్నదీ దానికోసమే.

బలం.

పుస్తకం ప్రకారం ఒకావిడ సింహం నోరు పట్టుకుని ఉండాలి. ఇక్కడ అమ్మ పిల్లికి మందు తాగిస్తోంది.

సైతాను. వీధి చివరి పళ్ల డాక్టరు.

“నేనేదే?” అంది అక్క.

“కప్పుల రాణివి. కప్పులో కాఫీ అయిపోయింది, నీ మొహం చూడాలి!”

“మహాతల్లి, సరిగ్గానే పట్టుకుంది.”

చెల్లెలు కట్టంతా మరోసారి తిరగేసింది. ఈ వారంలో అదెన్నోసారో.

“అందరూ ఉన్నారక్కా. నేను తప్ప.”

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

“నువ్వు ఒక్కచోట కూర్చుంటే కదా గియ్యడానికి! అత్త నిన్ను పిడుగు అని ఊరికే పిలిచేదా?”

“అమ్మకి ఒంట్లో బాగోలేదని నెలల పిల్లనప్పుడే నన్ను అత్త చేతిలో పెట్టారు. బడికెళ్లే దాకా తనే పెంచింది. ఆ ఇంట్లో నా అంత అల్లరి చేసిందెవరు?” “పళ్ల డాక్టరు గుర్తున్నాడు. నేను గుర్తులేను.”

అక్క చొక్కా కాలరు మీద మళ్లీ ఇస్త్రీపెట్టె ఆనించింది.

చెల్లెలు కట్ట కలిపింది. పుస్తకంలో చెప్పినట్టే కళ్లు మూసుకుని మనసులో ప్రశ్న అడిగింది.

అత్త నన్ను మర్చిపోయిందా?

ఒక కార్డు లాగి బోర్లా పెట్టింది.

“తలకిందులుగా వచ్చింది,” అంది అక్క.

“ఇంకా తిప్పనేలేదు, నీకెలా తెలుసు?”

“సాలీడు కింద మూలకొచ్చిందిగా.”

ప్రతి కార్డు వెనకా ఒకటే నీలం అల్లిక. ఒక మూలన మాత్రం సాలీడులా తెల్లగా, గుండ్రంగా, వంకర కాళ్లతో ఏదో ఉంది. కార్డు నిలువుగా ఉందో తలకిందులుగా ఉందో తిప్పకముందే చెప్పేస్తుంది. వెనకవైపు ఎటు చూసినా ఒకేలా ఉండాలంటుంది పుస్తకం.

“ముందే తెలిసిపోతే ఇంకేం జోస్యమే!” అక్క నవ్వింది.

చెల్లెలు కార్డు తిప్పి సరిగ్గా పెట్టింది.

సూర్యుడు.

పుస్తకం తెరిచి చూసింది. ఆకాశంలో పెద్ద సూర్యుడు, కింద తెల్ల గుర్రం, గుర్రం మీద చిన్నపిల్ల.

అత్త కార్డులో గుర్రం ఉంది. ఇప్పుడే ఎవరో దూకి పారిపోయినట్టు కళ్లెం ఇంకా ఊగుతోంది. పిల్ల లేదు.

సూర్యుడు కూడా లేడు. ఆకాశానికి రంగే వెయ్యలేదు.

ఫోను మోగింది. ప్రెస్సాయన.

“అమ్మా, మధ్యాహ్నం మిషనెక్కించేస్తున్నాం. ఓ మాట అడుగుదామని. వెనకాల మూలన ఏదో మచ్చ ఉంది, కంప్యూటర్లో తుడిచేస్తాను. మీ కట్టలాంటిదే తెప్పించిన కాగితం కూడా మరీ పల్చగా ఉందమ్మా, వెలుతురుకి పెడితే అవతలిది కనిపించేస్తోంది. మందం అట్ట వేసేద్దామా?”

వెలుతురుకి పెడితే.

“ఒక్క నిమిషం ఉండండి.”

కార్డు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. ఎండకి ఎదురుగా పట్టుకుంది.

నీలం అల్లిక లీలగా తేలింది. ఖాళీ ఆకాశంలో, గుర్రానికి పైన, వంకర కాళ్లతో అది వెలిగింది.

చిన్నప్పుడు, అత్త ఇంటి ముందుగది. చెక్కపొట్టు వాసన. బల్ల మీద అత్త ఎన్నాళ్లుగానో చెక్కుతున్న అచ్చు. ఎవరో తలుపు కొట్టారు. అత్త లేచి వెళ్లింది. ఉలి బల్ల మీదే ఉండిపోయింది.

అత్త తిరిగొచ్చేసరికి పిడుగు బల్ల కింద నక్కింది.

“అచ్చు మూలన ఏంటే ఇది?”

“సూర్యుడు.”

“సూర్యుడికి కాళ్లెందుకే?”

“పరిగెత్తడానికి.”

పైన అత్త ఉలి పక్కకి జరిపిన చప్పుడు. తర్వాత అచ్చు మీద సిరా రోలరు దొర్లిన చప్పుడు.

“ఏమైందే?” అంది అక్క.

చెల్లెలు కార్డు దించకుండానే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“మచ్చ తుడవకండి. కాగితం పల్చటిదే వెయ్యండి.”

“అలాగైతే అది ప్రతి కార్డు మీదా వస్తుందమ్మా.”

ఆమె బల్ల దగ్గరికొచ్చి కార్డులన్నీ ఒక్కొక్కటే బోర్లా తిప్పుతోంది.

“అమ్మా? ఉన్నారా?”

“ఉన్నానండీ.”