పదిహేను రోజుల కొండ నడక

"మూడు సంచుల బియ్యం లేవు. నిన్న బల్బు మార్చేదానికి స్టోరులోకి వచ్చినోడివి నువ్వొక్కడివే. యాడ పెట్టినావో చెప్పు!"

గల్ఫులో, అల్ ఐన్ అనే ఊళ్లో ఒక ఇంగ్లీషు ఇంజనీరు బంగళా వాకిట్లో నిలబడి హబీబున్నీసా అరిచింది. ఆ ఇంట్లో వంట ఆమెదే. స్టోరు తాళంచెవి ఆమె కొంగుకే ఉంటుంది. కారు తుడుస్తున్న డ్రైవరు బుడేన్ సాహెబ్ చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. ఇద్దరిదీ రాయచోటి పక్కనే. వయసులో చిన్నవాడు, ఆమెను అక్కా అన్నట్టు ఆపా అని పిలుస్తాడు.

"నేను తీయలేదు ఆపా."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయినాయా?"

అసలామె స్టోరులోకి పోయింది శనక్కాయ పప్పు కోసం. ఇంజనీరు భార్య, మేడమ్, జూన్ నెలలో కోర్సికా అనే దీవికి పోతోంది. చుట్టూ సముద్రం, నడుమ అన్నీ కొండలే. ఆ కొండల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా వీపున మూట వేసుకుని పదిహేను రోజులు నడుస్తుందట. నెల రోజులుగా భోజనాల బల్ల మీద పటం పరిచే ఉంది. ఏ రోజు ఏ కనుమ దాటాలి, ఎక్కడ ఊట నీళ్లు దొరుకుతాయి, ఏ గుడిసెలో పడుకోవాలి, అన్నీ పెన్సిలు గుర్తులే. పక్కన ఒక కాగితం, దాని పైన "1982 జూన్ 12 నుంచి 26" అని రాసి, రోజుకొక్కటి చొప్పున పదిహేను తిండి పొట్లాల లెక్క. చెడిపోకుండా, తేలిగ్గా ఉండేదేదైనా చెప్పమని మేడమ్ అడిగితే, బెల్లంతో శనక్కాయ ఉండలు చేసిస్తానని హబీబున్నీసాయే మాటిచ్చింది. కారు పెట్టుకుని కాళ్లరగదీసుకోవడం ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు గానీ, ఉండలు మాత్రం మనసు పెట్టి చేయాలనుకుంది.

ఇంతలో ఈ దొంగతనం. తాళంచెవి తనది. రేపు మాట తన మీదికే వస్తుంది.

"నీ పెట్టె తెరువు."

"చూసుకో ఆపా."

తోటమాలి పోచన్న నీళ్ల పైపు వదిలేసి వచ్చాడు. "పోనియ్యరాదె అక్కా. మనోని పెట్టె మనమే సోదా చేస్తమా?"

ఆమె వినలేదు. బుడేన్ సాహెబ్ గదిలోకి పోయి రేకు పెట్టె బోర్లించింది. రెండు జతల బట్టలు, ఒక టోపీ, రుమాలులో చుట్టిన పెళ్లాం ఫోటో. బియ్యపు గింజ కూడా లేదు. అతను గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే మడతపెట్టి లోపల పెట్టుకుంటుంటే ఆమెకు ఇంకా మండింది.

"ఎప్పుడో అమ్మేసింటావు, దొంగోడా!"

ఆ కేక బంగళా లోపలికి వినిపించింది. ఇంజనీరు దొర బయటికొచ్చి ఏమిటీ గొడవని అడిగి, బుడేన్ సాహెబ్‌ను లోపలికి పిలిచాడు. కాసేపటికి అతను తల దించుకుని వచ్చి తన గదిలోకి పోయాడు. బాగా అయింది అనుకుంది హబీబున్నీసా.

మధ్యాహ్నం మూడు గంటలకు మేడమ్ వచ్చింది. తెల్లవారకముందే స్నేహితురాలి కారులో పోయి, జెబెల్ హఫీత్ కొండెక్కి దిగిందట. మొహం ఎర్రగా కందిపోయింది. వీపు మీది మూటను వంటింటి గచ్చు మీద దభీమని దించింది.

"అబ్బా! పదిహేను కిలోలు," అంది తనకొచ్చిన హిందీలో, నవ్వుతూ. "కోర్సికాలో మోయాల్సింది ఇంతే. ఇప్పటి నుంచే అలవాటు కావాలి కదా. పొద్దున నువ్వు నిద్రపోతున్నావు, అందుకే నా దగ్గరున్న రెండో తాళంచెవితో తీసుకున్నాను."

మూట విప్పింది. ఐదు కిలోల బియ్యం సంచులు, మూడు.

హబీబున్నీసా ఆ సంచుల వంకే చూసింది. నడి వాకిట్లో తాను అన్న మాట చెవుల్లో గింగురుమంది. ఆ రేకు పెట్టె, ఆ రుమాలు, ఆ ఫోటో... ఏ మొహం పెట్టుకుని పోవాలి? అయినా పోయింది. వాకిలి దాటుతుంటే పోచన్న చూపు తగిలి కొంగు మొహానికి అడ్డం లాక్కుంది.

బుడేన్ సాహెబ్ పెట్టెకు తాడు కడుతున్నాడు.

"తమ్ముడూ... యాడికి?"

"దొర పొమ్మన్నాడు. బియ్యం నేనే తీసినానని చెప్పినా."

"తీయనోడివి అట్లెందుకు చెప్పినావు?"

అతను తలెత్తలేదు. "పోనీలే ఆపా. నేనైతే యాడన్నా లారీ తోలుకొని బతుకుతా."

"నువ్వు పోబాకు!" ఆమె గడప మీదే కూలబడింది. "బియ్యం మేడమ్ తీసుకొనింది. కొండెక్కను బరువు కోసమని మూటలో ఏసుకొని పోయింది. ఇప్పుడే దొరకు చెప్తా. నా నోరు పడిపోనూ, నిన్ను దొంగన్నానే..."

తాడు ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి. ఆ రోజంతటిలో మొదటిసారి బుడేన్ సాహెబ్ ఆమె మొహంలోకి చూశాడు. అతని కళ్లలో కోపం లేదు. ఆమెకన్నా ఎక్కువ సిగ్గుంది.

"అయితే... నువ్వు తీయలేదా ఆపా?"