ఈశాన్యంలో బాత్‌రూమ్

ఆదివారం ఒంటిగంట కొట్టేసరికి జితేందర్, ఉషా ఓపెన్ హౌస్ గుమ్మంలో, అంటే కొనేవాళ్లు చూసుకోడానికి తెరిచిపెట్టిన ఇంటి గుమ్మంలో, ఉన్నారు. శాంటాక్రూజ్ కౌంటీలో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల, మూడు బెడ్‌రూముల పాత ఇల్లు. అమ్మకానికి పెట్టి మూడు వారాలైంది. మూడు ఆదివారాలూ వీళ్లదే బోణీ.

కూతురు వేదని మాత్రం వెంట తీసుకురారు. ఏడేళ్ల పిల్ల, నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రెండు గంటలూ పార్కులో మనీషా ఆంటీకి అప్పజెబుతారు.

జితేందర్‌కి ఒకటే బెంగ. ఈ ఇల్లు వేరేవాళ్లు కొనకూడదు. కొన్నారా, ఈ చుట్టుపక్కల తమకి ఇంకో ఇల్లు దొరకడం కల్ల. వేద స్కూలు మారాలి. కొండ దాటి శాన్‌హోసే వైపు ఏ అగ్గిపెట్టెలోనో కాపురం పెట్టాలి. తలుచుకుంటేనే అతనికి ఏడుపొస్తుంది.

అమ్మిపెట్టే ఆఫీసు వారానికో కొత్త ఏజెంటుని పంపుతుంది. అదొక్కటే సుఖం. ఇవాళ వచ్చిన ఏజెంటు అమ్మాయి, వచ్చినవాళ్ల పుస్తకంలో పేరు రాయమంటే జితేందర్ తన మామగారి పేరు భీమశంకరం అని రాశాడు. ఆయన కాకినాడలో గురకపెడుతున్నారు, అభ్యంతరం చెప్పే స్థితిలో లేరు.

ఉషా చెప్పులు విడిచి, చూడకుండానే తలుపు వెనక స్టాండులోకి తోసింది.

కాసేపటికి ఓ కుర్ర జంట వచ్చింది. లోకేష్, సంహిత. ఇల్లంతా తిరిగి, కిచెన్‌లో గుసగుసలాడుకున్నారు.

"బానే ఉంది కదా. ఈరోజే ఆఫర్ పెట్టేద్దాం."

తెలుగు వినగానే జితేందర్ ప్రాణం లేచొచ్చింది.

"తెలుగోళ్లా అన్నా? మనోళ్లని చెప్తున్నా." గొంతు తగ్గించాడు. "ఈశాన్యంలో బాత్‌రూమ్ ఉంది."

లోకేష్ ఫోన్ తీసి కంపాస్ పెట్టాడు. అక్షరాలా ఈశాన్యమే.

"కంపాస్ లేకుండా ఎలా చెప్పారండీ?"

"అలవాటన్నా. ఆ మెట్టు జాగ్రత్త, మూడోది ఊగుతది. వానొస్తే గరాజ్‌లోకి నీళ్లొస్తయి."

"నీళ్లదేముంది, రిపేర్ చేయించుకుంటాం," అంది సంహిత. "వాస్తు మేమసలు పట్టించుకోం."

జితేందర్ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. వీళ్లు ఆఫర్ పెట్టేసేలా ఉన్నారు. అప్పుడు ఉషా రంగంలోకి దిగింది.

"మాకూ పట్టింపు లేదండీ. మీ అత్తగారు వస్తుంటారా?"

"సమ్మర్‌లో వస్తున్నారు."

"వస్తే ఆర్నెల్లుంటారు. పొద్దున్నే ఆ బాత్‌రూమ్ ముందు నిలబడి రోజుకో మాటన్నా, నూట ఎనభై మాటలు. మీ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి ప్రాజెక్ట్ పోయినా, ఆ మాటే."

సంహిత లోకేష్ వంక చూసింది. లోకేష్ ఈశాన్యం వంక చూశాడు. రెండు నిమిషాల్లో వాళ్ల కారు వీధి దాటింది.

ఆ తర్వాత ఇద్దరు తెల్లవాళ్లు వచ్చారు. వాళ్లని సాగనంపడానికి గరాజ్ నీళ్లు సరిపోయాయి.

మూడింటికి ఏజెంటు అమ్మాయి ఇంటికి తాళం వేసి, బోర్డు పీకి కారులో వేసుకుని మలుపు తిరగ్గానే, జితేందర్ జేబులోంచి తాళంచెవి తీసి అదే తలుపు తెరిచాడు, ఉషా డిక్కీలోంచి దేవుడి పటాలూ రైస్ కుక్కరూ దించుతూ, "ఇవాళ ఒకటో తారీఖు, ఓనర్‌కి రెంట్ పంపావా?" అంది.