ఎర్ర ముక్క

గంగులు ఒక్క తన్ను తన్నాడు. బొమ్మ పడవ ముక్కలై గుడిసె నలుమూలలకీ ఎగిరిపోయింది.

భవాని ఏడవలేదు. పుట్టుమూగ, చెవులూ వినపడవు. మేనమామ వంక ఓసారి చూసి, వంగి ముక్కలు ఏరుకోవడం మొదలెట్టింది.

"దాని ఆట దానిది. నీకేటి నొప్పిరా? అయ్య పోయినకాడ్నించి దానికదే లోకం," అంది జగ్గమ్మ తమ్ముడితో.

భోగాపురం దగ్గర రిసార్టులో జగ్గమ్మ ఊడుస్తుంటే దొరికిన బొమ్మ ఇటుకల సంచిలోవి ఆ ముక్కలు. పిల్లలు మంచివన్నీ పట్టుకుపోగా, ఎందుకూ కొరగాని వింత ముక్కలే మిగిలాయి. భవాని చేతిలో అవే పనికొచ్చేవి. గుర్రం తోక లంగరు తాడయ్యేది. పువ్వులు వలని తేల్చే బెండ్లయ్యేవి. బుల్లి పార తెడ్డయ్యేది.

ఆ తెడ్డు చూసే గంగులు పడవని తన్నాడు. భవాని తండ్రి పోయిన రోజు పడవలో ఇద్దరే ఉండగా, తాగి వేటకొస్తున్నావు, రేపట్నించి పడవెక్కొద్దన్నాడు బావ శివాజీ. గంగులు వెనకనుంచి తెడ్డెత్తి నడినెత్తిన కొట్టాడు. పుర్రె చిట్లిన చప్పుడైంది. ఇంకోటి కొట్టి నీళ్లలోకి తోసేశాడు. కెరటం లాక్కుపోయిందంటే ఊరంతా నమ్మింది. చేపలు కొరికిన శవం ఒడ్డుకొచ్చింది. శివాజీ బట్టలు మాత్రం దండెం మీద అలాగే ఉన్నాయి.

ఆ పొద్దు ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తూ భవాని ఒక్కతే ఉంది. అంతదూరం ఏం కనపడుతుందిలే అనుకున్నాడు.

మర్నాడు గంగులు వచ్చేసరికి బొమ్మ పడవ మళ్లీ లేచింది. ముందు ఒక బొమ్మ కూర్చుంది. వెనక, వేటలో తను రోజూ నిలబడే చోట, ఇంకోటి తెడ్డెత్తి నిలబడింది. భవాని సంచి అడుగంటా వెతికి ఎర్ర ముక్కొకటి తీసింది. ముందు బొమ్మ నెత్తిన నొక్కి, మావకి చూపించి నవ్వింది.

గంగులు భవాని జుట్టు పట్టి తల గుంజకేసి బాదాడు. నుదురు పగిలినా వదల్లేదు, గొంతు నులిమాడు. జగ్గమ్మ కేకలకి ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి, అతన్ని లాగి నేలకేసి అదిమారు.

"ఇది సూసీసింది," అన్నాడు రొప్పుతూ. "బావని నేను తెడ్డుతో కొట్టడం సూసీసింది. నెత్తి మీద రగతం ఎట్టి మరీ సూపిస్తన్నాది."

జగ్గమ్మ ఆ ఎర్ర ముక్క తీసి, ఇదేటని కూతురికి సైగ చేసింది.

భవాని లేచి, దండెం మీది తండ్రి ఎర్ర తువ్వాలు తీసి, వేటకెళ్తూ అతను చుట్టుకున్నట్టే తలకి చుట్టుకుంది.