అన్నీ ఆపేయండి

"ఏం చేశారండీ నా కంప్యూటర్ని?"

"ఏమీ చేయలేదే! సెట్టింగుల్లోకి వెళ్లి మెమరీ వేగం కాస్త పెంచానంతే. నీ ప్లాన్ తెరుచుకోవడానికి యుగాలు పడుతోందని పొద్దున నువ్వే గొణిగావుగా."

"గొణిగితే గొణిగాను. బాగుచేయమన్నానా? ఐదింటికల్లా ప్లాన్ పంపాలి!"

భర్త ఎదురుగా స్క్రీన్ నల్లగా ఉంది. లోపల ఫ్యాను మాత్రం బుస్సుమంటూ తిరుగుతోంది.

భార్య ఇళ్లకీ భవనాలకీ ప్లాన్లు గీస్తుంది. సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాక తగిలిన మొదటి పెద్ద పని ఇదే, ఓ బడి భవనం. రాత్రనక పగలనక గీసిందంతా ఆ పెట్టెలోనే ఉంది. గడువు దాటితే పని ఇంకొకరి చేతికి పోతుంది.

భర్త బటన్ నొక్కి కంప్యూటర్ ఆపాడు. మళ్లీ వేశాడు. నలుపే. ఆపాడు. వేశాడు. పక్క మూత విప్పి, మెమరీ ముక్కలు పీకి, ఉఫ్ఫని ఊది, మళ్లీ గుచ్చాడు. వేశాడు. నలుపే. ఆపాడు.

ఆపడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన ఇంట్లో తిరుగుతున్నాడంటే మనుషులు కూర్చునుండగానే నెత్తిమీద ఫ్యాను ఆగిపోతుంది. అత్తగారిది సరిగ్గా ఎదురు. ఆవిడ వేసిన లైటు మళ్లీ ఆవిడ చేత్తో ఆరిన దాఖలాల్లేవు. అత్తాఅల్లుళ్లకి రోజూ ఇదే పంచాయితీ.

"కాస్త టీ తాగండి బాబూ, ఆ ముఖం ఏమిటలా వాడిపోయింది?" అంటూ అత్తగారు కప్పు పట్టుకొచ్చింది.

"వంటింట్లో లైటు ఆపారా అత్తయ్యా?" ఇల్లు కాలిపోతున్నా ఆయన అడిగేది ఇదే.

"అయ్యో రామ!" అని ఆవిడ వెనక్కి పరిగెత్తింది.

నాలుగున్నర దాటింది. భార్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇంకొక్క గంట గడువిస్తారేమో అడుగుతాను" అంటూ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది. ఆయన ఆఖరి ప్రయత్నంగా బటన్ నొక్కాడు. నలుపే.

"మెకానిక్‌ని లాక్కొస్తాను" అని చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఊరుకుంటుందా? గుమ్మం దాటుతూ కేకేశాడు. "అత్తయ్యా! హాల్లో ఫ్యాను, బాత్రూమ్ లైటు, ఆ కంప్యూటరూ, అన్నీ ఆపేయండి!"

"అలాగే బాబూ!"

వీధి చివర కొట్లో మెకానిక్ చేతిలో పని తీరిగ్గా ముగించి, సంగతంతా విని పకపకా నవ్వాడు.

"నేనెందుకు సార్? మెమరీ వేగం మారిస్తే, అది తనకి పడుతుందో లేదో కంప్యూటర్ తనే పరీక్ష చేసుకుంటుంది. పడకపోతే దానంతటదే పాత వేగానికి వచ్చేస్తుంది. అప్పటిదాకా స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ఓ పావుగంట దాన్ని ముట్టుకోకుండా ఉంటే చాలు."

"మధ్యలో ఆపేస్తే?"

"పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. అయినా పనిచేస్తున్నదాన్ని ఎవరైనా ఆపుతారా సార్?"

అల్లుడు గోడగడియారం చూశాడు. ఐదుకి ఐదు నిమిషాలు. ఇప్పుడు ఇంటికెళ్లి వేస్తే పావుగంట ఎక్కణ్ణుంచి తేవాలి? పెళ్లాం కష్టమంతా చేతులారా బూడిదలో పోశానని ఆయనకి ఏడుపొక్కటే తక్కువ. అయినా పరుగెత్తాడు.

ఆయాసపడుతూ గుమ్మంలో అడుగుపెట్టేసరికి భార్య కంప్యూటర్ ముందునుంచి ఎగిరి గంతేసి ఎదురొచ్చింది.

"పంపేశానండీ! అందిందని జవాబు కూడా వచ్చేసింది!"

"ఎలా? అది... అది ఎలా వచ్చింది?"

"ఏమో! ఫోన్ పెట్టేసి లోపలికొచ్చి చూద్దును కదా, స్క్రీన్ దేదీప్యమానంగా వెలిగిపోతోంది. మీరేగా బాగుచేసి వెళ్లింది!"

ఆయన తలెత్తి చూశాడు. మనిషన్నవాడు లేని హాల్లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బాత్రూమ్ లైటు పట్టపగలు వెలుగుతోంది. తలుపు చాటున అత్తగారు నాలిక కరుచుకుని నిలబడి ఉంది.

"కోప్పడకండి బాబూ, అన్నీ ఆపేయమన్నారా... మళ్లీ మర్చిపోయాను!"