ఊసెయ్యని ముద్ద

“వెల్లుల్లి వద్దమ్మా! చేపలకి వేపుడు వడ్డిస్తున్నావా ఏంటి?” అన్నాడు వెండెల్.

ఎతెల్కా చెక్కవంతెన చివర గొంతుక్కూర్చుని, మొక్కజొన్న పిండిముద్దను చిన్నచిన్న ఉండలు చేసి నీళ్లలోకి వదులుతోంది. తీసా నది ఎప్పుడో దారి మార్చుకుంటే మిగిలిపోయిన పాత పాయ అది. రెల్లు పక్కన లోతు తక్కువ. బంగారుతీగ చేపలు ఉండల్ని నోట్లోకి లాక్కోవడం పైనుంచే కనిపిస్తోంది. లాక్కున్నట్టే లాక్కుని బయటికి ఊదేస్తున్నాయి.

“ఊసేస్తున్నాయి అన్నయ్యా,” అంది. ఆ గొంతు వినగానే వెండెల్ నవ్వు ఆగిపోయింది.

ఆమె భర్త కాల్మాన్, వెండెల్ ఈ వంతెన మీదే పక్కపక్కన కూర్చుని ముసలివాళ్లయ్యారు. ఎరకి రుచే ప్రాణమని కాల్మాన్, బురద తినేదానికి రుచేమిటని వెండెల్. వాళ్ల తగువు ఆ ఒడ్డున తెలియనివాళ్లు లేరు. కాల్మాన్ ఓ రోజు సోంపు కలిపేవాడు, ఓ రోజు తేనె. తన సీసాలోంచి ‘పాలింకా’ అనే రేగుపళ్ల సారా కూడా పోసేవాడు. “దానికో చుక్క, నాకో గుక్క” అని అతని లెక్క. చలికాలంలో గుండె ఆగి పోయాడు. నగరంలో జరిగిన దహనానికి మోకాళ్ల నొప్పులతో వెండెల్ వెళ్లలేకపోయాడు. అస్థికల పాత్ర ఎతెల్కా ఇంట్లోనే ఉందని విన్నాడు. ఇప్పటికీ పక్కన ఖాళీ చోటుకేసి తిరిగి ఏదో అనబోతాడు.

మంచు కరిగాక ఎతెల్కా ఇలా రావడం మొదలుపెట్టింది. పూటకో రుచి. గాలం మాత్రం తేదు.

“ఇంతకీ నీకీ చేపల పిచ్చి ఎక్కడ పట్టుకుంది? కాల్మాన్ చేప తెస్తే గుమ్మంలోనే ఆపేసేదానివి కదా?”

“ఆదివారం మా ఆడపడుచు వస్తోంది, సెగెద్ నుంచి. ఈలోపల నాకు తేలిపోవాలి.”

“ఓహో, చేపల పులుసా! ముందే చెప్పొద్దూ? ఆవిడ నోటికి భయపడి కాల్మానే నా పడవలో దాక్కునేవాడు.”

“ఆవిడ అనుకున్నదే జరగాలంటుంది. వస్తే ఉత్త చేతులతో వెళ్లదు,” అంది ఎతెల్కా, నీళ్లలోంచి చూపు తిప్పకుండా.

మర్నాడు వెనిలా తెచ్చింది. చేపలు దగ్గరికొచ్చాయి, నోరు పెట్టాయి, ఊసేశాయి. ఆ తర్వాత సోంపు. అదీ అంతే.

“ఆయనకి బాగా పడిన రుచి ఏది? మీకు గుర్తుండాలే,” అని అడిగింది.

“ఏది వేస్తే అదే గొప్పదనేవాడు. చేప పడకపోతే నా దగ్గర ఉల్లి కంపు కొడుతోందని, అందుకే రావట్లేదని నా మీద పడేవాడు.”

ఆమె నవ్వింది. నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకుంది. వెండెల్ తన గాలం కేసి చూస్తున్నట్టు నటించాడు.

శుక్రవారం ఆమె వచ్చేసరికి వెండెల్ వలబుట్ట ఎత్తి చూపించాడు. లోపల మోచెయ్యంత బంగారుతీగ కొట్టుకుంటోంది.

“ఇదిగో మీ ఆడపడుచు పులుసు! వెళ్లి ఎర్రకారం సిద్ధం చేసుకో.”

ఎతెల్కా వంగి చేప పొట్ట మీద చెయ్యి వేసింది. “దీనికేం పెట్టారు?”

“ఉడికించిన ఉత్త పిండి. మెత్తగా పిసికానంతే. రుచీ లేదు, పచీ లేదు.”

“మింగేసిందా?”

“గొంతు దాకా.”

“అయితే వదిలేయండి.”

“ఏంటీ? తెల్లారగట్ల నుంచి నడుం పడిపోయేలా కూర్చుని పట్టాను!”

“మీ కాళ్లు పట్టుకుంటాను అన్నయ్యా. వదిలేయండి.”

వెండెల్ ఆమె మొహంలోకి చూసి ఇంక వాదించలేకపోయాడు. బుట్టను నీళ్లలోకి వంచాడు. “మొగుడికీ పెళ్లానికీ ఒకటే తిక్క,” అని గొణుక్కున్నాడు.

శనివారం పొద్దున్న ఆమె నీలం గౌను వేసుకుని, జుట్టు ముడి వేసుకుని వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె.

“ఎవరి పెళ్లమ్మా?” అన్నాడు వెండెల్.

“ఉండలు చెయ్యడానికి సాయం పడతారా? ఇవాళ ముద్ద చాలా ఉంది.”

ఆయన పక్కన కూర్చుని ముద్ద తీసుకున్నాడు. మెత్తగానే ఉంది కానీ వేళ్ల మధ్య గరగరలాడింది. “ఇసుక పడ్డట్టుందే?”

“పరవాలేదు, చెయ్యండి.”

ఇద్దరూ ఒక్కొక్క ఉండే నీళ్లలోకి వదిలారు. రెల్లులో కదలిక పుట్టింది. ముందు ఓ పెద్ద చేప వచ్చి నోరు తెరిచింది. ఎతెల్కా నీళ్ల మీదికి ఇంకాస్త వంగింది. ఉండ లోపలికి పోయింది. బయటికి రాలేదు. వెనక ఇంకోటి వచ్చింది. కాసేపటికి తోకలు పైకి లేచి, ఆ చోటంతా బురదగా కలకబారిపోయింది. పైన ఒక్క తునకా తేలలేదు.

గిన్నె అడుగున మిగిలినదాన్ని కూడా ఆమె వేలితో తుడిచి నీళ్లలో కలిపింది. గిన్నె ముంచి కడిగింది. ఒళ్లో పెట్టుకుని, చప్పుడు కాకుండా చాలాసేపు ఏడ్చింది.

వెండెల్, ఇన్ని రోజుల శ్రమ ఫలించినందుకే కాబోలు అనుకున్నాడు. ఆమెను నవ్విద్దామని, “చూశావా! వాడితో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, ఏమీ కలపకపోతేనే తింటాయని. చివరికి నువ్వైనా నా మాట విన్నావు,” అన్నాడు.

“కలిపాను అన్నయ్యా.”

“ఏం కలిపావు? నాకు ఏ వాసనా రాలేదే?”

“మా ఆయన్ని.”